ఒత్తు ఎక్కడ తప్పింది?



లినక్స్ కెర్నల్‌లో పనిచేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టను మామయ్యా అని అడిగావు. కోరిక మంచిదే. కానీ మూడు కోట్ల వరుసలు దాటిన కోడ్ ముందు కూర్చుని, దిద్దడానికి ఏదైనా దొరుకుతుందేమోనని వెతికితే త్వరలోనే విసుగొస్తుంది. తప్పు నీ కంటికి ముందు కనబడే చోట మొదలుపెట్టు. హార్ఫ్‌బజ్ అలాంటి చోటు. మనం టైపు చేసిన అక్షరాలకు ఫాంటులోంచి సరైన ఆకారాలు ఎంచి, ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చే లైబ్రరీ అది. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్ దాన్నే వాడతాయి.

2018 ఫిబ్రవరి సంగతి నీకు గుర్తుండదు. 'జ్ఞా'తో ముడిపడ్డ ఒక అక్షర వరుస తెరమీదికి వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసేదాకా ఎదురుచూడటమే అయింది. తెలుగు వచ్చినవాళ్లూ, ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లూ మనలో ఎందరున్నా ఆపిల్ కోడ్‌ను మనం తెరిచి దిద్దే వీలు లేదు. హార్ఫ్‌బజ్ కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది కాబట్టి అక్కడ ఆ వీలుంది. అందుకే దాని మీద నాకింత పట్టుదల.

తమిళనాడు సరిహద్దులోని తడలో పుట్టినందుకు నీకు తెలుగూ తమిళమూ రెండూ చదవడం వచ్చు. అది ఇక్కడ పనికొచ్చే చదువే. 'రాష్ట్రం', 'లక్ష్మి', 'స్వాతంత్ర్యం' లాంటి మాటలు రకరకాల ఫాంటుల్లో పెట్టి చూడు. ఎక్కడైనా ఒత్తు పక్కకు జరిగితే వెంటనే హార్ఫ్‌బజ్‌ను తప్పుపట్టకు. తప్పు ఫాంటుదా, లైబ్రరీదా, యాప్‌దా అన్నది ముందు తేలాలి. అదే మాటను లోహిత్ తెలుగులోనూ, నోటో సాన్స్ తెలుగులోనూ చూడు. ఒకదాంట్లోనే చెడితే అనుమానం ఫాంటు మీదికి పోతుంది. తర్వాత యాప్‌లన్నీ పక్కనపెట్టి, హార్ఫ్‌బజ్‌తో పాటు వచ్చే హెచ్‌బీ-షేప్ నడుపు. ఏ ఆకారాలు ఏ వరుసలో వచ్చాయో అచ్చుగుద్ది చూపిస్తుంది. హెచ్‌బీ-వ్యూ బొమ్మ గీసి ఇస్తుంది. నా లెక్కలో ఇంత తేల్చిన మనిషి సగం పని చేసినట్టే, ఒక్క వరుస కోడ్ రాయకపోయినా.

ఫిర్యాదు రాసేటప్పుడు ఫాంటు పేరు, వెర్షన్, ఆ ఒక్క మాట, రావలసిన రూపం, వచ్చిన రూపం రాయి. చదివేవాళ్లకు తెలుగు రాకపోవచ్చని గుర్తుంచుకో. పాత ఫిర్యాదుల్లో అదే ఉందేమో ముందే వెతుకు. వాళ్లకూ వేరే పనులుంటాయి, జవాబు ఆలస్యమైతే నొచ్చుకోకు.

కోడ్ దిద్దే రోజొస్తే, దిద్దుబాటుతో పాటు అది చెడకుండా కాపలా కాసే టెస్టూ జతచెయ్యి. ఒక దిద్దుబాటులో ఒకే విషయం ఉండాలి. వాళ్లు మార్పులు అడిగితే కొత్త దిద్దుబాటు తెరవకు, అదే బ్రాంచిలో సవరించు.

నువ్వు మొదట పట్టుకున్న మాటేదో, ఏ ఫాంటులోనో రాసి పంపు. నేనూ ఇక్కడ నడిపి చూస్తాను.

మీ మామయ్య