బడితొట్టిలో నీటిసేద్యము

పాఠశాలలయందు మట్టి లేకుండ, నీటితొట్లలోనే ఆకుకూరలను పెంచు పద్ధతి యిప్పుడు పలుతావుల కానవచ్చుచున్నది. దీనిని హైడ్రోపోనిక్సు అందురు. మేము నీటిసేద్యమని వ్రాసెదము. మట్టి లేనిదే పైరెట్లు పండునని కొందఱు రైతులును, ఇక నేలతో పనియే లేదని పరికరముల నమ్మువారును చెప్పుచున్నారు. రెండు మాటలును సరికావు. మన సభ్యులు గ్రామపు బడికి సాయము చేయుటకు ముందును, ముఖ్యముగా అట్టి పరికరములకై అప్పునకు దరఖాస్తు పెట్టుకొనుటకు ముందును, ఈ సేద్యపు మర్మము నెఱుగుట యవసరము.

మొక్క మట్టిని తినదు. మట్టియందలి తేమలో కరగిన లవణములనే వేళ్లు పీల్చుకొనును. 1860 ప్రాంతమున సాక్సు, నాప్ అను జర్మను శాస్త్రజ్ఞులు లవణములు కలిపిన నీటిలో మొక్కలను పెంచి దీనిని నిరూపించిరి. 1929 మొదలు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున గెరికీ అను నాచార్యుడు తొట్లలో టొమాటోలు పండించి ప్రసిద్ధికెక్కెను. 1938లో పసిఫిక్ మహాసముద్రమందలి వేక్ ద్వీపమున, విమానప్రయాణికుల భోజనమునకై యీ విధముననే కూరగాయలు పెంచిరి. ఆ దీవిలో సాగునకు తగిన మట్టి లేదు గనుక అచట ఈ శ్రమకు అర్థము కలదు. అయితే ఆ 1938లోనే, ఆ విశ్వవిద్యాలయమునకే చెందిన హోగ్లండు, ఆర్నన్ అను నిరువురు నేలను నీటిని సరిపోల్చి, వెలుతురును వాతావరణమును సమానముగా నున్నచో మంచి నేలకంటె తొట్టిలో అధిక ఫలసాయము రాదని తేల్చిరి. ఈ సంగతి నమ్మకపుదారులు చెప్పరు.

బడికి మోటారు గొట్టములు అక్కఱలేదు. ఇరువది లీటర్లు పట్టు తొట్టియు, వెలుతురు చొరని మూతయు చాలును. మూతకు నాలుగు రంధ్రములు చేసి, అడుగున చిల్లులు పెట్టిన చిన్న గిన్నెలను బిగువుగా నమర్చి, కొబ్బరిపీచు పొట్టులో మొలిపించిన తోటకూర నారునుగాని పాలకూర నారునుగాని వానిలో నుంచవలెను. వెలుతురు సోకిన నీరు పాచిపట్టును. సందు దొరకిన దోమలు గ్రుడ్లు పెట్టును.

ఇరువది లీటర్ల నీటికి కాల్షియం నైట్రేటు 20 గ్రాములు, మన రైతులు 13:0:45 అనునట్టి పొటాషియం నైట్రేటు 10 గ్రాములు, 0:52:34 అనునది 4 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేటు 10 గ్రాములు కలిపి, ఇనుము మొదలగు సూక్ష్మధాతువుల మిశ్రమమును పొట్లముపై వ్రాసిన కొలతచొప్పున చేర్చవలెను. ఒక్కొక్క లవణమును వేఱువేఱుగా కరగించి, తొట్టెడు నీటిలో నొకదాని పిదప నొకటిగా పోయుడు. చిక్కని ద్రావణముగా నన్నిటిని ఒకే సీసాలో కలిపినచో కాల్షియము తక్కినవానితో చేరి సున్నమువలె పేరుకొని అడుగంటును, మొక్కకు చిక్కదు.

ఇంటనున్న యూరియానే వేసిన చాలదా యని పలువురడుగుదురు. చాలదు. పొలమున యూరియాను సూక్ష్మజీవులు మొదట అమ్మోనియాగను, పిదప నైట్రేటుగను మార్చిన తరువాతనే పైరు దానిని చక్కగా గ్రహించును. తొట్టినీటిలో నా పని చేయు జీవులు మిక్కిలి తక్కువ. 19:19:19 పొడియందును నత్రజనిలో కొంత భాగము యూరియాయే. నేల మనకు జీతము లేకుండ చేయు నీ యూడిగమును తొట్టిని చూచినప్పుడుగాని మనము తలపోయము.

వేళ్లకు గాలియు కావలెను. నాటిననాడు నీరు గిన్నె యడుగును తాకునట్లుంచి, పిదప మట్టము తగ్గినకొలది పైవేళ్లను గాలిలో విడువవలెను. మరల నంచుదాక నింపినచో ఆ వేళ్లు ఊపిరాడక చచ్చును. నీరు వేడెక్కినకొలది అందలి ప్రాణవాయువు తగ్గును గనుక, దసరా వెళ్లిన పిదప మొదలిడి శివరాత్రిలోపల ముగించుట మంచిది.

బోరునీటిలో సున్నపుపాలు హెచ్చుగా నున్న గ్రామములందు లేతాకులు పచ్చబడి ఈనెలు మాత్రము ఆకుపచ్చగా నిలుచును. ఇనుము నీటిలోనున్నను మొక్క కందకుండుటయే దీనికి కారణము. పి.హెచ్. కాగితముతో చూచి, 5.5 మొదలు 6.5 లోపల నుండునట్లు వాననీటిని కలుపుడు.

ఇక ధనము మాట. మోటారుతో నీరు పాఱు గొట్టపుసేద్యమున విద్యుత్తు ఆగినచో వేసవి మధ్యాహ్నమున కొన్ని గంటలలోనే తోట వాడును. నేలవలె తేమను దాచుకొను శక్తి గొట్టమునకు లేదు. నమ్మకమైన కొనుగోలుదారు లేకుండ, మంచి నేలగల రైతు దీనికై అప్పుచేయుట మాకు సమ్మతము కాదు. బడికి నాలుగు తొట్లును, ఒక యేటి లవణములును సంఘము కొనియిచ్చుట మాత్రము తగును. మధ్యాహ్న భోజనమున నందఱు పిల్లలకును చాలినంత కూర వానినుండి రాదు; వారానికొకనాడు పప్పులోనికి వచ్చిన సంతోషమే.

తొట్టి ప్రక్కన పశువుల ఎరువు వేసిన మట్టికుండీలోను అదే నారును నాటించుడు. కోసిననాడు రెంటిని తూచి, పోసిన నీటిని లెక్కగట్టి, పిల్లలచేతనే గోడపలకపై వ్రాయించుడు. మిగిలిన తొట్టినీటిని మురుగులో పాఱబోయక బడిలోని చెట్ల పాదులకు పోయుడు.