ఊళ్లు తగ్గించుకో తల్లీ

చి.ల.సౌ. మాధవికి,

నువ్వు పంపిన స్విట్జర్లాండ్ ప్లాన్ చూశాను. ఎనిమిది రోజుల్లో పారిస్, జూరిచ్, లూసర్న్, ఇంటర్లాకెన్, జెర్మాట్, చివర మిలాన్‌లో విమానం! నువ్వూ మీ ఆయనా ఇద్దరే వెళ్తుంటే ఏమీ అనేదాన్ని కాదు. ఆరేళ్ల వాణ్నీ రెండున్నరేళ్ల దాన్నీ వెంటేసుకుని రెండు రోజులకో హోటల్ మారితే, మీరు చూసేది కొండలు కాదు, సూట్‌కేసుల జిప్పులు. నా మాట విని ఒక్క ఊరు ఎంచుకో. వారమంతా అక్కడే ఉండండి. పారిస్ పిల్లలు పెద్దయ్యాక చూడొచ్చు.

నన్నడిగితే వెంగెన్‌లో దిగమంటాను. 1,274 మీటర్ల ఎత్తున కొండ వాలు మీద ఉంటుంది. కార్లు రావు, లాటర్‌బ్రూనెన్ నుంచి చిన్న రైలెక్కి పైకి పోవాలి. చెయ్యి వదిలించుకుని పరిగెత్తే వయసులో పిల్లలున్న తల్లికి కార్లు లేని వీధి ఎంత నిశ్చింతో నీకు చెప్పక్కర్లేదు. మా మనవణ్ని తీసుకెళ్లినప్పుడు ఎదురుగా యుంగ్‌ఫ్రావ్ శిఖరం తళతళా మెరుస్తుంటే వాడు దానివైపు చూడనే లేదు. వాడి చూపంతా రైలు పట్టాల మీదే. రెండు పట్టాల మధ్య పళ్లున్న ఇంకో పట్టా ఉంటుంది, రైలు కింద పళ్లచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. ప్లాట్‌ఫాం మీద చతికిలబడి, ‘ఇంకో రైలు వచ్చాక వెళ్దాం’ అంటూ వచ్చిన ప్రతి రైలుకీ అదే పాట. పిల్లలకి కావలసింది అలాంటిదే. దానికి తీరిక ఉండేలా రోజుకి ఒక్క పనే పెట్టుకో, అదీ పొద్దున్నే.

పొద్దున్నే అని ఎందుకంటున్నానంటే, వేసవిలోనూ దసరాకీ మన టైముకీ వాళ్ల టైముకీ మూడున్నర గంటల తేడా. ఇక్కడ ఏడింటికి లేచే పిల్లలు అక్కడ మూడున్నరకే లేచి కూర్చుంటారు. మొదటి రెండు మూడు రోజులు వాళ్లని బలవంతంగా పడుకోబెట్టకు, పాలూ టిఫినూ పెట్టేసి తొలి రైళ్లలో బయల్దేరండి. రద్దీ ఉండదు, మబ్బులు పట్టేది చాలాసార్లు మధ్యాహ్నం తర్వాతే. భోజనం వేళకి ఇల్లు చేరి పాపని నిద్రపుచ్చొచ్చు.

ఊరి నుంచి మెన్లిఖెన్ కొండకి రోప్‌వే ఉంది, 2,200 మీటర్ల పైన. అక్కడ పేద్ద చెక్క ఆవు బొమ్మ ఉంది. దాని లోపలికి ఎక్కి జారుడుబల్ల మీద కిందికి జారొచ్చు. మీ వాడికి పూటంతా అదే చాలు. పాపని వీపు మీద మోసే బ్యాగులో కూర్చోబెట్టుకోండి, కొండదారుల్లో స్ట్రోలర్ ఇబ్బంది పెడుతుంది.

ఇక నువ్వు ఎర్రసిరాతో గీత గీసిన యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ సంగతి. 1912 నుంచీ నడుస్తున్న రైలు, ఐగర్ కొండ లోపలి సొరంగం గుండా 3,454 మీటర్లకి తీసుకెళ్తుంది. గొప్పదే, కాదనను. కానీ అంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. పెద్దవాళ్లం తలనొప్పి అని చెప్పుకుంటాం. పాప చెప్పలేదు. ఊరికే ఏడుస్తుంది, తిండి వద్దంటుంది, వాంతి చేసుకుంటుంది, లేదా ఉత్సాహం లేకుండా వాలిపోతుంది. అలా అనిపిస్తే ఫొటోల కోసం ఆగకుండా వచ్చే రైల్లోనే కిందికి దిగిపోండి, అదే అసలు మందు. జలుబుతో చెవులు మూసుకుపోయి ఉంటే పైకి తీసుకెళ్లనే వద్దు. వెళ్లేముందు మీ పిల్లల డాక్టరుని అడుగు. ఆయన పాపకి వద్దంటే వాణ్ని తీసుకుని మీలో ఒకరు వెళ్లిరండి, రెండోవాళ్లు పాపతో కింద ఉండండి. టికెట్ ఖరీదైనది, ముందే కొనకు. పైన కెమెరాలు పెట్టి ఎప్పటికప్పుడు చూపిస్తుంటారు. పొద్దున ఫోన్లో చూసి ఆకాశం తేటగా ఉంటేనే కొను. మంచు మీద ఎండ కళ్లు చెదరగొడుతుంది, పిల్లలకీ చలువ కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ ఉండాలి. అంబులెన్సుకి 144, ఫోన్లో దాచుకో.

సెలవుల విషయం. మే నెలలో వెళ్దామనుకుంటున్నారు. అప్పటికి పై దారుల్లో మంచు కరగదు, కొన్ని రోప్‌వేలు మరమ్మతులకి ఆపేస్తారు. దసరా సెలవులు మేలు. చలి మొదలవుతుంది కానీ దారులు తెరిచే ఉంటాయి.

తిండికి భయపడకు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకో. కందిపొడి, పులిహోర పులుసు, చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం సర్దకు. మన దేశం నుంచి పాలతో, మాంసంతో చేసినవి అక్కడికి తీసుకురానివ్వరు. వెన్న అక్కడే కొని కాచుకో, ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. పెరుగు ఏ కొట్లోనైనా దొరుకుతుంది. ఆదివారం చాలా ఊళ్లలో కొట్లు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకో. కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు.

రైలు ఖర్చు పిల్లలకి పెద్దగా ఉండదు. ఆరేళ్లలోపు వాళ్లకి టికెట్ లేదు. మీరిద్దరూ స్విస్ ట్రావెల్ పాస్ కొంటే పెద్దవాడికి ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు, మీతోపాటు ప్రయాణం చేసేస్తాడు. పాస్ వెంగెన్ దాకా చెల్లుతుంది, అక్కడి నుంచి యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కి రాయితీ మాత్రమే.

వీసా స్విట్జర్లాండ్‌కే పెట్టండి, ఎక్కువ రోజులు ఉండేది అక్కడే కాబట్టి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తులు తీసుకుంటారు, ఆఖరి పదిహేను రోజుల దాకా ఆగొద్దు. ముప్ఫై వేల యూరోల వైద్య బీమా నలుగురికీ ఉండాలి. పన్నెండేళ్లలోపు పిల్లలకి వేలిముద్రలు అక్కర్లేదు. పిల్లల దరఖాస్తుల మీద తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి. మీ ఆయన క్యాంపులకి వెళ్లకముందే ఆ పని కానివ్వు.

పాపకి పాస్‌పోర్టే లేదని మీ అమ్మ చెప్పింది. హోటళ్లు, టికెట్ల జోలికి ఇప్పుడే పోకు. ముందు జనన ధ్రువీకరణ పత్రంలో మీ పేర్లూ, మీ ఇద్దరి పాస్‌పోర్టుల్లో ఉన్న పేర్లూ ఒక్కలాగే ఉన్నాయో లేదో చూసి, ఈ వారంలోనే స్లాట్ బుక్ చెయ్యి.

ఆశీర్వదిస్తూ,
మీ పెద్దమ్మ