ప్రశ్నలు - జవాబులు: దోషము ఏ గడపలో ప్రవేశించినది?

ఈ పర్యాయము వచ్చిన లేఖలలో, డాక్‌బుక్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో కూర్చిన సాంకేతిక గ్రంథములను పీడీఎఫ్‌గా మార్చునప్పుడు కలుగు చిక్కులను గూర్చినవే హెచ్చుగా నుండుటచే, వానిలో నాలుగింటికి ఇచట సమాధానము లొసగుచున్నాము.

ప్రశ్న (హైదరాబాదు): ఒక యంత్ర నిర్వహణ గ్రంథమును పది ఫైళ్లుగా, ఫైలున కొక అధ్యాయముగా వ్రాసి, ప్రధాన ఫైలులో వానిని చేర్చితిని. పీడీఎఫ్‌లో అధ్యాయము లేవియు రాలేదు. వాని స్థానమున ఎఱ్ఱని అక్షరములలో ‘ఇన్‌క్లూడ్’ అను ట్యాగు పేరు మాత్రము కన్పట్టుచున్నది. ఎఫ్‌ఓపీ చెడినదా?

జవాబు: అయ్యా, ఎఫ్‌ఓపీ నిరపరాధి. మీ గ్రంథము రెండు గడపలు దాటి పీడీఎఫ్ అగుచున్నది. మొదటి గడపలో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అను ఉపకరణము, డాక్‌బుక్ స్టైల్‌షీట్ల సాయమున, మీ మూలమును ఎఫ్‌ఓ ఫైలుగా మార్చును. రెండవ గడపలో ఎఫ్‌ఓపీ ఆ ఫైలును పుటలుగా పేర్చును. తమ కెఱుకలేని ట్యాగు ఎదురైనప్పుడు స్టైల్‌షీట్లు దానిని గుట్టుగా మ్రింగివేయక, దాని పేరును ఎఱ్ఱసిరాతో పుటపై నుంచి మనలను హెచ్చరించును. ఫైళ్లను చేర్చు పని స్టైల్‌షీట్లది కాదు, వానికంటె ముందు జరుగవలసినది. అడుగనిదే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ దానిని చేయదు. ఆదేశములో ‘ఎక్స్‌ఇన్‌క్లూడ్’ అను ఆప్షను నుంచినచో అధ్యాయములు పదియు వచ్చి కూర్చుండును.

ఇకముందు ఏ దోషము కన్పించినను, ముఖము బాగులేక అద్దమును పగులగొట్టినట్లు పీడీఎఫ్‌ను నిందింపక, ఎఫ్‌ఓ ఫైలును తెఱచి, తప్పిపోయిన మాటను అందు వెదకుడు. అది అచట లేనిచో దోషము మూలములోనో, స్టైల్‌షీటులోనో, ఆదేశములోనో ఉన్నది. ఉన్నచో, ఎఫ్‌ఓపీని గాని, ఫాంటును గాని అనుమానింపవచ్చును. ఈ యొక్క పరీక్షచే సగము శ్రమ తీఱును.

ప్రశ్న (విజయవాడ): ‘వివరములకు చూడుడు’ అని వ్రాసి ఎక్స్‌రెఫ్ ఉంచిన తావులలో మూడు ప్రశ్నార్థక చిహ్నములు అచ్చగుచున్నవి. కారణమేమి?

జవాబు: ఎక్స్‌రెఫ్ తనంతట తాను పలుకదు, తాను చూపు వస్తువు యొక్క శీర్షికను తెచ్చి పలుకును. చూపబడినది అధ్యాయమైనచో ‘3వ అధ్యాయము’ అనవచ్చును గాని, శీర్షికలేని కొన్ని వస్తువులను చూపినచో వానిని ఏమని పిలువవలెనో తెలియక, ఆ మూడు చిహ్నములతో చేతులెత్తివేయును. మీరు చూపిన వస్తువు యొక్క గుర్తు (ఐడీ) ఏ ఫైలులోను లేకపోయినను ఫలితమింతే; అప్పుడు టెర్మినల్‌లో హెచ్చరికయు వచ్చును, దానిని చదువక దాటిపోవుట మనకు అలవాటు. గుర్తులోని అక్షరదోషములను సవరించి, శీర్షికలేని వస్తువులను చూపవలసినచోట ఎక్స్‌రెఫ్‌కు మాఱు లింక్ ట్యాగు నుంచి, పలుకవలసిన మాటను మీరే వ్రాయుడు.

ప్రశ్న (బెంగుళూరు): ప్రతి అధ్యాయము చివరను మొత్తము అధ్యాయమునకు వర్తించు జాగ్రత్తలను ఒక పేరాగా వ్రాసితిని. పీడీఎఫ్‌లో అది చివరి సెక్షనుకు మాత్రమే చెందినట్లున్నది. మఱియు కొన్ని శీర్షికలు విషయసూచికలో రాలేదు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ మాత్రము ఒక్క తప్పును చూపలేదు.

జవాబు: అమ్మా, ఛందస్సు కుదిరినంత మాత్రమున పద్యమున వ్యాకరణము కుదిరినట్లు కాదు. తెఱచిన ప్రతి ట్యాగును మూసినచో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ తృప్తిపడును. ఏ ట్యాగు దేని తరువాత రావలెనను డాక్‌బుక్ నియమమును అది విచారింపదు. ఆ నియమ మిట్టిది: అధ్యాయములో మొదట విడి పేరాలు, పిదప సెక్షనులు, ఒకసారి సెక్షను ఆరంభమైన పిమ్మట, అధ్యాయము ముగియువఱకు విడి పేరాకు తావులేదు. వసారా దాటి గదులలోనికి పోయినవానికి ఇంటిలో మరల వసారా ఎదురుకాదు గదా! మీ పేరా గదులన్నిటికి ఆవల గోడ నానుకొని నిలిచినది. దానిపై శీర్షిక యేదియు లేనందున, చదువరి కన్ను దానిని పై సెక్షనుకే అంటగట్టినది. దానిని మొదటి సెక్షనుకు ముందుకు తెండు. లేదా ‘జాగ్రత్తలు’ అను శీర్షికతో దానినే ఒక సెక్షనుగా చేయుడు.

ఇక విషయసూచిక. శీర్షిక పెద్దదిగా కనబడవలెనని పేరాకు బొద్దు అక్షరములు తొడిగినచో, అది కంటికి శీర్షిక, యంత్రమునకు పేరాయే. సూచికలోనికి రాదు, పీడీఎఫ్ బుక్‌మార్కులలోనికిని రాదు. నిజమైన సెక్షనులలో టైటిల్ ట్యాగు నుంచిన శీర్షికలే వచ్చును. అట్టివియు మూడవ అంతరమునకు దిగినచో సూచికలో కానరావు. ఏలయన, స్టైల్‌షీట్లలో సూచికకు నియతమైన లోతు 2 మాత్రమే. దానిని 3 చేయుట పారామీటరు మార్పుతో తీఱు పని. మార్పిడికి ముందు ప్రతిసారియు మూలమును డాక్‌బుక్ రిలాక్స్ ఎన్‌జీ స్కీమాతో పరీక్షింపుడు. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లింట్ ఆ పని చేయును గాని దాని మాటలు తఱచు గూఢములు. జింగ్ అను ఉపకరణము తప్పును ఇంకను స్పష్టముగా చెప్పును.

ప్రశ్న (నెల్లూరు): రైతుల కొఱకు పంపుసెట్టు పుస్తకమును తెలుగున కూర్చితిని. పీడీఎఫ్ నిండ ‘#’ గుర్తులే!

జవాబు: మొదటి జవాబులో చెప్పిన పరీక్షనే ఇచటను చేయుడు. ఎఫ్‌ఓ ఫైలులో మీ తెలుగు చెక్కుచెదరక యుండును. కనుక దోషము రెండవ గడపది. ఫాంటులో లేని అక్షరమునకు ఎఫ్‌ఓపీ ‘#’ ఉంచును. అది మామూలుగా వాడు ఫాంటులలో తెలుగు లేదు. తెలుగు గల ఫాంటును ఎఫ్‌ఓపీ కాన్ఫిగరేషను ఫైలులో నమోదు చేసి, స్టైల్‌షీటులో దేహభాగపు ఫాంటుగా దాని పేరే యిండు. శీర్షికల ఫాంటు వేఱు పారామీటరు, దానిని మఱువకుడు. అంతటితో అక్షరములు వచ్చును గాని, ఒత్తులు తమ స్థానములలో కుదురునో లేదో కంటితో చూచి తేల్చుకొనవలసినదే. ‘స్త్రీ’, ‘రాష్ట్రము’, ‘జ్యోత్స్న’ అను మూడు మాటలతో ఒక్క పుట మార్చి చూడుడు. అవి సరిగా వచ్చిన పిదపనే మొత్తము పుస్తకమును అచ్చున కంపుడు.