కట్టి చూడు, నిలుపుకొని చూడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. పెళ్ళి సంగతి ఎలా వున్నా, ఇంటి విషయంలో ఆ సామెతకు ఇంకొక ముక్క చేర్చవలసి వుంది. ఇల్లు కట్టడం ఒక కష్టమైతే, అప్పు చేసి కట్టిన ఇంటిని చేజారిపోకుండా నిలుపుకోవడం రెండవ కష్టం. మొదటి కష్టానికి మన ప్రభుత్వాలు ఏదో ఒక రూపంలో చేయూతనిస్తూనే వచ్చాయి. రెండవ కష్టం వచ్చినప్పుడు మాత్రం మనిషి దాదాపు ఒంటరివాడు. ఈ తేడావల్ల కలిగే నష్టమేమిటి, ఇతర చోట్ల ఏం చేశారు అన్న విషయాలను విద్యార్థి మిత్రులతో కలిసి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన పేట చెప్పే పాఠం

సికిందరాబాదులోని మన బన్సీలాల్‌పేటకు పూర్వం నాగన్నకుంట అని పేరు. 1933లో బ్రిటిష్ రెసిడెంటు కీస్ హయాంలో ఇక్కడ ఒక ఆదర్శగ్రామం వెలసింది. సేఠ్ బన్సీలాల్ పేరు ఈ పేటకు అలా వచ్చింది. ఆ రోజులనుంచి నేటివరకు ఈ చుట్టుపక్కల ఇళ్ళ కథలో ప్రభుత్వం చెయ్యి ఎక్కడో ఒకచోట వుంటూనే వుంది. పక్కనే బోయిగూడ ఐ.డి.హెచ్. కాలనీలో శిథిలమైన పాత ఇళ్ళను తీసివేసి, వాటి స్థానంలో 396 డబుల్ బెడ్‌రూం ఇళ్ళు కట్టి, 2015 నవంబరులో పేదలకు ఇచ్చారు. తెలంగాణలో ఆ పథకానికి నమూనాగా నిలిచింది ఈ కాలనీయే.

ఇక పేటలోని మెట్లబావి సంగతి అందరికీ తెలిసిందే. నీళ్ళిచ్చే బావిని ఎవరూ పట్టించుకోక వదిలేస్తే, కొన్ని దశాబ్దాలలో అది చెత్తకుండీ అయింది. వేల టన్నుల చెత్త తోడి, రాయి రాయీ సరిచేసి, 2022 డిసెంబరులో తిరిగి ప్రారంభించారు. వదిలేసిన ఆస్తి ఏదైనా అంతే. మొదటి ఏడాది తాళం, రెండవ ఏడాది చెత్త, ఆపైన కూలిన గోడ. బాగుచేయడానికయ్యే ఖర్చు, కాపాడుకోవడానికి అయివుండే ఖర్చుకంటే ఎన్నో రెట్లు. ఇంటి విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుందని గుర్తుంచుకొని ముందుకు పోదాం.

ఇల్లు ఎలా చేజారుతుంది?

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కుటుంబం నూటికి పది వడ్డీపై, పదిహేనేళ్ళ గడువుతో, 12 లక్షల రూపాయలు ఇంటి అప్పు తీసుకున్నదనుకోండి. నెలకు కిస్తీ సుమారు 12,895 రూపాయలు. మొదటి నెల కిస్తీలో 10,000 వడ్డీకే పోతుంది. రెండేళ్ళు ఒక్క నెలా తప్పకుండా కడితే మొత్తం మూడు లక్షల తొమ్మిది వేల పైచిలుకు కట్టినట్టు. అందులో అసలు తరిగింది సుమారు 76 వేలు మాత్రమే! "కట్టిందంతా మిత్తికే పాయె" అని మనవాళ్ళు అనే మాట ఉత్త నిట్టూర్పు కాదు, గణితం.

ఇప్పుడు ఇంటి పెద్ద జబ్బుపడ్డాడు, లేదా వున్న ఉద్యోగం వూడింది. బాకీ 90 రోజులు దాటితే బ్యాంకు పుస్తకాలలో ఆ అప్పు 'నిరర్థక ఆస్తి' అవుతుంది. ఆ తరువాత 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం రంగంలోకి దిగుతుంది. ఈ చట్టం విశేషమేమంటే, తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకు ముందుగా కోర్టులో దావా వేయనక్కరలేదు. దాని మెట్లు ఇవి:

మొదటిది, 13(2) నోటీసు. మొత్తం బాకీ కట్టమని 60 రోజుల గడువు. దీనికి మనం అభ్యంతరం రాసి పంపితే బ్యాంకు 15 రోజులలో జవాబివ్వాలి. చాలామంది ఈ మెట్టు దగ్గర నోరు మెదపరు. నోటీసు మడిచి బీరువాలో పెడతారు.

రెండవది, 13(4) కింద స్వాధీనం. అవసరమైతే మేజిస్ట్రేటు సహాయంతో ఖాళీ చేయిస్తారు. దీనిపై 45 రోజులలోగా రుణ వసూలు ట్రిబ్యునలుకు వెళ్ళవచ్చు.

మూడవది, వేలం. వేలం ప్రకటన వెలువడేలోగా బాకీ మొత్తం ఖర్చులతో సహా కడితే ఇల్లు దక్కుతుంది. 2016 సవరణ తరువాత ఆ ప్రకటనతోనే విడిపించుకునే హక్కు ముగుస్తుందని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది. వేలంలో వచ్చిన సొమ్ము బాకీకి మించితే మిగిలింది అప్పుదారుకు రావాలి. చాలకపోతే తరుగుకోసం బ్యాంకు ఇంకా వెంటపడవచ్చు. అంటే ఇల్లు పోయినా అప్పు పోకపోవచ్చు!

పైన చెప్పిన కుటుంబానికి మూడు నెలల కిస్తీలు కలిపితే నలభై వేలు దాటవు. ఆ నలభై వేలు సమయానికి దొరకక, పన్నెండు లక్షల అప్పుతో కట్టుకున్న ఇల్లు వేలందాకా పోవచ్చు. మన చర్చకు కేంద్రబిందువు ఇదే.

పట్టా ఇళ్ళలో వుండేవారి బాధ వేరు. 2014 డిసెంబరులో వచ్చిన 58వ నెంబరు జీ.వో. కింద 125 గజాలలోపు స్థలాలను ఉచితంగా క్రమబద్ధం చేశారు. అటువంటి ఇంటిపై పెద్ద బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. కనుక వేలం భయం తక్కువే. కాని అవసరం వస్తే పుస్తెలతాడు కుదువపెట్టాలి, లేదా రోజువారీ ఫైనాన్సు గడప తొక్కాలి. తాళం బ్యాంకు వేయకపోయినా, వడ్డీవాడి వేధింపుకు ఇల్లు విడిచి పోయేవారూ వుంటారు.

సాయం ఏ గుమ్మం దగ్గర?

మన ప్రభుత్వ సాయాలన్నీ వరుసగా చూస్తే ఒక సంగతి కొట్టవచ్చినట్టు కనబడుతుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద 2015 తరువాత ఇచ్చిన వడ్డీ రాయితీ 2 లక్షల 67 వేలదాకా వుండేది. అది ఇల్లు కొనేటప్పుడు. 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో ఐదు లక్షలు. అది ఇల్లు కట్టేటప్పుడు. డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇచ్చేది గృహప్రవేశంనాడు. సాయమంతా లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే. బయటికి గెంటివేయబడే గుమ్మం దగ్గర నిలబడి చెయ్యి పట్టుకునే శాశ్వత పథకం ఈ వరుసలో కానరాదు.

ఒక్కసారి మాత్రం ఆ పని జరిగింది. కోవిడ్ కాలంలో, 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు మూడు నెలలపాటు కిస్తీలు వాయిదా వేసుకోవచ్చన్నది. తరువాత దానిని ఆగస్టు 31వరకు పొడిగించింది. ఆ ఆరు నెలలకు రెండు కోట్లలోపు అప్పులపై చక్రవడ్డీకీ బారువడ్డీకీ వున్న తేడాను కేంద్రమే భరిస్తుందని అక్టోబరులో ప్రకటించారు. కనుక ఈ పని చేతకానిది కాదు. దేశమంతా ఒకేసారి ఆపదలో పడితే చేశారు. ఒక్క ఇల్లు ఆపదలో పడితే చేయడం లేదు, అంతే తేడా.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 డిసెంబరులో ప్రారంభమైన సంపూర్ణ గృహహక్కు పథకం ఇంకొక రకం. గృహనిర్మాణ సంస్థకు బాకీపడిన పాత లబ్ధిదారులు గ్రామాలలో పది వేలు, మునిసిపాలిటీలలో పదిహేను వేలు, కార్పొరేషన్లలో ఇరవై వేలు కడితే బాకీ రద్దయి, రిజిస్ట్రేషను అవుతుందన్నారు. ఎప్పుడో కట్టిన పేదల ఇంటికి ఇప్పుడు డబ్బా అని విమర్శ వచ్చింది. చేతికి స్పష్టమైన హక్కు కాగితం వస్తున్నదన్న సమర్థనా వచ్చింది. రెండింటిలోనూ నిజం వుంది. ఐతే ఇది కూడా పాత బాకీ తీర్చే పద్ధతే గాని, కొత్త ఆపదను ఆపే పద్ధతి కాదు.

అమెరికా అనుభవం

2008 నాటికి అమెరికాలో లక్షలాది కుటుంబాలు కిస్తీలు కట్టలేక ఇళ్ళు పోగొట్టుకున్నాయి. వీధికి నాలుగైదు ఇళ్ళు ఖాళీ పడితే పక్క ఇళ్ళ ధరా పడిపోయింది. దొంగలు పైపులు, తీగలు వూడబెరుక్కుపోయారు. అప్పుడు ప్రభుత్వం రెండు మార్గాలు తొక్కింది.

ఒకటి, ఖాళీ ఇళ్ళకు గ్రాంటు. 2008 జులై చట్టం కింద 392 కోట్ల డాలర్లు రాష్ట్రాలకు, నగరాలకు ఇచ్చారు. 2009లో సుమారు 200 కోట్లు, 2010లో 100 కోట్లు చేర్చారు. జప్తయిన, వదిలేసిన ఇళ్ళను కొనాలి, బాగుచేయాలి, పనికిరానివి కూల్చాలి. ఈ సొమ్ములో నాలుగవ వంతు బాగా తక్కువ ఆదాయం వున్నవారి ఇళ్ళకే ఖర్చుపెట్టాలని నిబంధన పెట్టారు.

రెండవది, మనుషులకు గ్రాంటు. 2010లో పద్దెనిమిది రాష్ట్రాలకు, రాజధాని వాషింగ్టన్‌కు ప్రత్యేక నిధి ఇచ్చారు. మొదట 760 కోట్లు, తరువాత 960 కోట్ల డాలర్లు. ఉద్యోగం పోయినవారి తరఫున ఈ నిధినుంచి కిస్తీలు కట్టారు. కోవిడ్ వచ్చాక 2021లో మళ్ళీ సుమారు 996 కోట్ల డాలర్లతో ఇటువంటి నిధినే ఏర్పాటు చేశారు.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటున్నది. 2013లో మిషిగన్ రాష్ట్రం రెండవ రకం నిధిలోనుంచే పది కోట్ల డాలర్లు తీసి, డెట్రాయిట్ వంటి నగరాలలో పాడుబడ్డ ఇళ్ళను కూల్చడానికి అనుమతి పొందింది. ఇంటి మనిషిని నిలబెట్టడానికి కేటాయించిన సొమ్ము చివరికి ఇంటిని పడగొట్టడానికి వినియోగమైంది! చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే గదా!

మన ఖాళీ ఇళ్ళు

మన దగ్గర ఖాళీ ఇళ్ళు లేవనుకోవడం పొరపాటు. మధ్యతరగతికోసం 2007లో ఏర్పడిన రాజీవ్ స్వగృహ సంస్థ బండ్లగూడ, పోచారంలలో మొదలుపెట్టిన అపార్టుమెంట్లు సుమారు దశాబ్దంపాటు అలాగే నిలిచిపోయి, 2022లో గాని లాటరీ ద్వారా అమ్మకానికి రాలేదు. ఒకవైపు ఇల్లు లేని మనుషులు, ఇంకొకవైపు మనుషులు లేని ఇళ్ళు. నగరంలో కూలేందుకు సిద్ధంగా వున్న కట్టడాలపై మునిసిపల్ కార్పొరేషను చట్టంలోని 456వ సెక్షను కింద నోటీసులిస్తారు. వానాకాలం రాగానే ఖాళీ చేయమంటారు, కూల్చమంటారు. బాగుచేసుకోవడానికి సాయం మాత్రం ఆ నోటీసులో వుండదు.

మనం చేయగలిగినది

ప్రభుత్వం చేయవలసినది చిన్నదే. కిస్తీలు తప్పిన కుటుంబానికి, జబ్బు లేదా ఉద్యోగనష్టం రుజువైతే, ఆరు నెలలకు మించకుండా, ఒక్కసారికి మాత్రమే, బ్యాంకుకు నేరుగా చెల్లించే నిధి ఒకటి వుండాలి. దీనివల్ల ఎగవేత అలవాటవుతుందనే అభ్యంతరం వుంది. అది కొట్టిపారేయదగినది కాదు. అందుకే ఒక్కసారి, పరిమితి, రుజువు అనే మూడు కట్టుబాట్లు. అప్పులన్నీ మాఫీ చేయమనడం వేరు, మునిగేవాడికి ఒక తాడు వేయమనడం వేరు.

అందాకా విద్యార్థులు చేయగల పని వుంది. మన వీధిలో ఎవరికైనా 13(2) నోటీసు వస్తే, దానిని బీరువాలో పెట్టనివ్వకండి. తేదీ చూసి 60 రోజులు లెక్కపెట్టండి. కిస్తీలు తగ్గించి గడువు పెంచమని బ్యాంకుకు లిఖితపూర్వకంగా అడిగించండి. 1987 చట్టం ప్రకారం మహిళలకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గరికి తోడుగా వెళ్ళండి. చదువుకున్నవాడు పక్కన నిలబడితే, చదువురాని తల్లి ధైర్యంగా మాట్లాడుతుంది.

గ్రాంటు రావడానికి ఏళ్ళు పట్టవచ్చు. నోటీసు గడువు మాత్రం అరవై రోజులే.