పెరటి తోటలో పసిబిడ్డ

తెలుగువారి ఇంటికి ముందు వాకిలి ఎంత ముఖ్యమో, వెనుక పెరడూ అంత ముఖ్యం. వాకిలి వచ్చేపోయేవారిది, పెరడు ఇంటివారిది. బావిగట్టు, అంట్లు తోమిన నీరు పారే చిన్న కాలువ, ఆ నీటిని నమ్ముకొని ఎదిగిన అరటి పిలకలు, గోడమీదికి పాకిన బచ్చలి తీగ, వంటింటి తలుపు తీయగానే చేతికందే కరివేపాకు రెమ్మ – ఇవి లేని ఇల్లు ఒకప్పుడు మన పల్లెలలో అరుదు. పట్టణాలలో స్థలం కుదించుకుపోయి పెరడు మేడ ఎక్కింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో నేడు మిద్దెతోటలు పెంచేవారు ఎందరో ఉన్నారు. అంతకూ చోటు లేనివారు వసారాలో నాలుగు కుండీలతో సరిపెట్టుకుంటారు.

పెరటి తోటను గూర్చి రాసేవారు సాధారణంగా దాని దిగుబడిని, కలిసివచ్చే ఖర్చును, పురుగుమందులు చల్లని కూరగాయల శ్రేష్ఠతను వర్ణిస్తారు. ఆ తోటలో తప్పటడుగులు వేసే రెండేళ్ళ బిడ్డను గూర్చి మాత్రం అంతగా చెప్పరు. నిజానికి తోటవల్ల అందరికన్న ఎక్కువ లాభం పొందేదీ, తోటకు అందరికన్న ఎక్కువ నష్టం కలిగించేదీ ఆ బిడ్డయే.

ఏడాదిన్నర దాటిన పసిబిడ్డకు చూడటమంటే పట్టుకోవడమే. మొలచిన బెండ మొక్కను పెరికి, కింద ఏముందో పరిశీలిస్తుంది. నీళ్ళు పోయమని చెంబు చేతికిస్తే, పోసిన పాదులోనే మళ్ళీ మళ్ళీ పోస్తుంది. పెద్దలు పది రోజులుగా కంటికి రెప్పలా కాచుకొన్న బీర పిందెను కోసి, అపురూపమైన కానుకగా తెచ్చి ఒళ్ళో వేస్తుంది. ఇటువంటి సమయంలో పెద్దలు చేసే మొదటి పని కంచె కట్టడం. బిడ్డ కంచెకు అవతల నిలబడి ఏడుస్తుంది. తోట ఇవతల చక్కగా పెరుగుతుంది. ఇది మంచి ఏర్పాటు కాదు. కంచె వేయవలసినది బిడ్డకు హాని చేసే వాటి చుట్టూనే గాని, బిడ్డ పాడుచేసే వాటి చుట్టూ కాదు. తోటలో ఒక మూల గజం పొడవు, గజం వెడల్పు గల మడిని, మేడమీద అయితే వెడల్పాటి తొట్టిని, బిడ్డకే వదిలివేయడం ఉత్తమం. అక్కడ పెరికినా, తవ్వినా, నీళ్ళతో ముంచినా అడిగేవారు ఉండకూడదు.

ఆ మడిలో ఏ విత్తనం వేయాలన్నది ఆలోచించవలసిన విషయం. రెండేళ్ళ బిడ్డకు ‘రేపు’ అన్న మాటే సరిగా అర్థం కాదు. టమాట నారు పోసి, ఇరవై అయిదు ముప్ఫై రోజులకు నాటి, ఆపై రెండు నెలలు కాయకోసం చూడమంటే ఆ ఎదురుచూపు బిడ్డ ఊహకు అందదు. మెంతులు అలా కావు. రాత్రి నానబెట్టి ఉదయం చల్లితే మూడు నాలుగు రోజులలో మొలకెత్తుతాయి. మూడు వారాలు దాటగానే కూరకు వస్తాయి. తోటకూర విత్తనం ఇసుక రేణువంత ఉన్నా నెల తిరగకముందే పప్పులోకి పనికివస్తుంది. బెండగింజ లావుగా ఉండి చిన్నచేతికి సులువుగా దొరుకుతుంది. నలభై అయిదు, యాభై రోజులలో తొలి కాయ ఇస్తుంది. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లాలి. ఆ నలిపే పనిని పసివారికి అప్పగిస్తే పూటంతా చేస్తారు. మునగ కొమ్మను మాత్రం పెద్దలే నాటుకోవాలి. దాని ఆకు బిడ్డకు ఎంతో మేలు చేస్తుంది గాని, పెళుసైన దాని కొమ్మ బరువును భరించదు.

బిడ్డ తోటలో తిరగడం కేవలం వినోదం కాదని చెప్పడానికి ఒక లెక్క చాలు. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో ఆరు నెలలు నిండి అయిదేళ్ళలోపు వయసున్న పిల్లలలో 67.1 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఇది ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. అన్నపానీయాలకు లోటులేని ఇళ్ళలో సైతం ఈ లోపం కనిపించడానికి ఒక కారణం, పసిపిల్లల పళ్ళెంలో ఆకుకూరలు చేరకపోవడం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు, ఒకటి నుండి మూడేళ్ళ పిల్లలకు రోజుకు 50 గ్రాముల ఆకుకూరలు, మరో 50 గ్రాముల ఇతర కూరగాయలు సూచించాయి. తూకం వేసి చూస్తే అది పెద్ద పరిమాణమేమీ కాదు. కాని ముద్ద నోటిదాకా వచ్చేసరికి పెదవులు బిగించే బిడ్డకు ఆ 50 గ్రాములు తినిపించడం ఎంత కష్టమో తల్లులకే తెలుసు.

పసివారు కొత్త రుచిని వెంటనే అంగీకరించరు. ఒకే కూరను ఎనిమిది, పది పర్యాయాలు రుచి చూపిన తరువాత గాని చాలామంది పిల్లలు దానిని తమదిగా భావించరు. బజారునుండి కట్టగా వచ్చి, ఉడికి, పప్పులో కలిసిపోయిన తోటకూర బిడ్డకు అపరిచితమైన వస్తువు. తాను నీళ్ళుపోసి, తాను తుంచి, తాను గిన్నెలో వేసి అమ్మకు అందించిన తోటకూర అలా కాదు. వండకముందే దానితో నెలనాళ్ళ పరిచయం ఉంది. ఆ పరిచయంతో ప్రతి బిడ్డా ఆకుకూర తింటుందని పందెం వేయలేము గాని, తినే అవకాశం తప్పక పెరుగుతుంది. ఆకుకూర పప్పుమీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి మరింతగా పడుతుంది. చెంచాడు నెయ్యి కలిపితే కంటిచూపుకు అవసరమైన ఏ విటమిను సారం చక్కగా జీర్ణమవుతుంది. మన పెద్దలు ముద్దపప్పులో నెయ్యి వేసి, నిమ్మకాయ ఊరగాయ నంజుడుకు పెట్టడంలో రుచితోపాటు ఇంతటి ప్రయోజనం ఇమిడి ఉంది. అయితే నాలుగు మడుల ఆకుకూరతోనే రక్తహీనత తొలగిపోతుందని భ్రమించరాదు. వైద్యులు ఇచ్చే ఇనుము మందు స్థానం దానిదే.

తోట బిడ్డకు పెట్టే మరొక భోజనం భాష. రెండేళ్ళ వయసు మాటలు పుంఖానుపుంఖంగా వచ్చే వయసు. గదిలో బొమ్మల పుస్తకం చూపి ‘ఇది వంకాయ’ అంటే బిడ్డ ఒక మాట నేర్చుకుంటుంది. పెరటిలో అదే వంగ మొక్కవద్ద కూర్చుంటే విత్తు, మొలక, నారు, మొగ్గ, పువ్వు, పిందె, కాయ, పండు అన్న మాటలన్నీ ఒకదాని వెంట ఒకటి, వాటి వస్తువులతో సహా కంటి ముందుకు వస్తాయి. పిందెకు, కాయకు, పండుకు వేర్వేరు పేర్లు పెట్టుకున్న భాష మనది. ఆ తేడా తెలియాలంటే చెప్పడం కన్న చూపడం సులభం. మడి, పాదు, బోదె, పందిరి, తీగ, పిలక – ఇవీ పెరడు పోయిన ఇళ్ళనుండి తామూ వెళ్ళిపోతున్న మాటలే. ఇక నాయనమ్మది తెలంగాణ, అమ్మమ్మది కోస్తా అయిన ఇంట్లో బిడ్డ అదృష్టం రెండింతలు. ఒకరు పుంటికూర అన్నదానినే మరొకరు గోంగూర అంటారు. ఒకరి సొరకాయ మరొకరికి ఆనపకాయ. ఏది సరైనదని పెద్దలు వాదించుకుంటారు గాని, పసివారు రెండింటినీ నేర్చుకొని ఎవరితో ఆ మాట మాట్లాడతారు.

గుమ్మడి పాదు ఒకటి ఉంటే బిడ్డకు ఉదయం లేవడమే ఒక పండుగ. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకొని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. అదే బీర, సొర పువ్వులు సాయంకాలం విచ్చుకుంటాయి. గుమ్మడి తీగకు మొదట కొన్నాళ్ళు మగపూలే పూస్తాయి; ఆ తరువాత, అడుగున గోళీకాయంత పిందెతో ఆడపూలు వస్తాయి. తేనెటీగలు తక్కువగా తిరిగే మిద్దెమీద మగపువ్వును తుంచి, దాని పుప్పొడిని ఆడపువ్వులోని కీలాగ్రానికి మనమే అద్దాలి. లేకుంటే పిందె పసుపుబారి రాలిపోతుంది. రెండేళ్ళ బిడ్డకు ఈ శాస్త్రం బోధపడదు; కాని పువ్వుకు పువ్వును తాకించే పని బాగా బోధపడుతుంది. తాకితే చక్రంలా చుట్టుకొనే రోకలిబండ, మట్టి తవ్వితే మెలికలు తిరిగే వానపాము, చిక్కుడు తీగను పట్టిన పేనుబంకను తినే ఎర్రని అక్షింతల పురుగు కూడ ఆ వయసు వారికి ఆప్తులే. కనబడిన ప్రతి పురుగునూ ‘ఛీ, బూచి’ అని చెప్పి భయపెట్టే అలవాటును పెద్దలు మానుకోవాలి. తేలును, జెర్రిని మాత్రం గట్టిగా చెప్పి గుర్తు పట్టించాలి.

ఇక అపాయాలు. బాలకృష్ణుడు మన్ను తిన్న ఘట్టాన్ని పోతన భాగవతంలో చదివి మనం మురిసిపోతాము. యశోదకు ఆ నోట బ్రహ్మాండం కనిపించింది. మన పిల్లల కడుపులో కనిపించేవి ఏలికపాములు, కొంకిపురుగులు. పదేపదే మన్ను తినే బిడ్డకు రక్తహీనత ఉందేమోనని వైద్యునిచే పరీక్ష చేయించాలి. కుక్కలు, పిల్లులు మలవిసర్జన చేసే చోట ఆడనివ్వరాదు. పచ్చి పేడను బిడ్డ మడిలో వేయక, బాగా చివికిన ఎరువునే వాడాలి. తోటనుండి రాగానే గోళ్ళ సందులు సహా సబ్బుతో చేతులు కడగాలి. 2015 నుండి మన దేశంలో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పాటిస్తున్నారు. ఆ సందర్భంగా అంగన్‌వాడీ కేంద్రాలలో ఆల్బెండజోల్ మాత్రను ఏడాది నిండిన పిల్లలకు సగం, రెండేళ్ళు నిండినవారికి పూర్తిగా పొడిచేసి ఇస్తారు.

పూజకని పెంచే గన్నేరు, కంచెలో దానంతట మొలిచే ఆముదం, ఉమ్మెత్త, చూడ ముచ్చటైన గురివింద – ఇవన్నీ విషపూరితాలు. గురివింద గింజను నమిలితే ప్రాణాపాయం. నడక నేర్చిన బిడ్డ ఉన్న ఇంట వీటికి చోటు ఉండరాదు. మొక్కలకని నింపి ఉంచిన నీళ్ళ బక్కెట్టు వీటికన్న ప్రమాదకరం. అందులోకి తలకిందుగా పడిన పసిబిడ్డ తనంతట లేవలేదు. పని ముగియగానే బక్కెట్టును బోర్లించాలి. పురుగుమందును కూల్‌డ్రింకు సీసాలలో దాచే దురలవాటు మనవారిలో ఇంకా ఉంది. అది క్షమించరాని నిర్లక్ష్యం. పెరటి తోటకు అసలు ఆ మందులే అక్కరలేదు. లీటరు నీటిలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి చల్లితే పేనుబంక అదుపులోకి వస్తుంది. ఆ సీసానూ బిడ్డకు అందని ఎత్తున ఉంచాలి.

ఇంతా విన్న తరువాత, ఈ పనులన్నీ ఎవరు చేయాలన్న ప్రశ్న ఉదయించక మానదు. తోట అనగానే అది ఇల్లాలి చాకిరీలో మరొక పద్దుగా చేరిపోవడం మన ఇళ్ళలో మామూలు. వంట, బిడ్డ, ఉద్యోగం, వాటికి తోడు పాదులకు నీళ్ళు – అలా చేరిన తోట ఆరు నెలలు దాటి నిలవదు. నిలిచినా ఆమె ఆరోగ్యం నిలవదు. ఉదయం అరగంట తండ్రి బిడ్డను తీసుకొని తోటలోకి వెళితే, ఆ అరగంట తల్లికి వంటింట ప్రశాంతంగా దొరుకుతుంది. తాతగారు ఉంటే మరీ మంచిది. వంగలేని తాత, నిలకడలేని మనుమరాలు కలిస్తే ఒక పూర్తి తోటమాలి అవుతారు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని పిల్లలను గద్దించే పెద్దలు కొందరున్నారు గాని, మొక్కలు పెంచినవారు ఏ మొక్కనూ వంచరు. ఊతకర్ర నాటి ఊరుకుంటారు.

కార్తీకం నాటికి పందిరిమీద ఒకటి రెండు బీరకాయలను కోయకుండా వదిలివేస్తారు. అవి ముదిరి, ఎండి, పీచుబారి తేలికవుతాయి. అందులోని నల్లని గింజలు కదిలిస్తే గలగలమంటాయి. బజారులో కొన్న గిలక్కాయను మూలన పడవేసి, బిడ్డ దీనిని చేతపట్టుకొని ఇల్లంతా తిరుగుతుంది. ఆడుకోవడం అయిన తరువాత కొన విరిచి, గింజలను గుడ్డమీద రాల్చి, కాస్త బూడిద కలిపి, మూత బిగుతుగా ఉన్న సీసాలో భద్రపరచాలి. పీచు స్నానానికి పనికివస్తుంది. తొలకరి పడి ఆ గింజలను మళ్ళీ మడిలో వేసేనాటికి బిడ్డకు మూడేళ్ళు వస్తాయి. గుంట తానే తీస్తుంది.