డాక్టరు సామీ లీ

క్రీడారంగమున అందరును సమానులని పెద్దలు చెప్పుదురు. గీటు ముందు నిలిచిన తరువాత ఆ మాట నిజమే. కాని ఆ గీటు వరకు చేరుటకు కొందరు దాటవలసివచ్చిన అడ్డంకులు ఇతరుల కంటికి కానరావు. అట్టి అడ్డంకులను దాటిన ధీరులలో డాక్టరు సామీ లీ యొకడు.

20వ శతాబ్ది తొలినాళ్లలో కొందరు కొరియా దేశీయులు స్వదేశమును విడిచి అమెరికా చేరిరి. 1910లో జపాను కొరియాను ఆక్రమించుటచే వారికి తిరిగిపోవుటకు స్వతంత్రదేశమే లేకపోయెను. అట్టి కుటుంబమున, కాలిఫోర్నియా రాష్ట్రమందలి ఫ్రెస్నో పట్టణమున, 1920 ఆగస్టు 1వ తేదీన సామీ లీ జన్మించెను.

1932లో లాస్ ఏంజిలిస్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. ఆ సంరంభమును చూచిన పండ్రెండేండ్ల బాలుడు తానును ఒకనాడు విజేత కావలెనని సంకల్పించెను. ఎత్తైన వేదికపై నుండి నీటిలోనికి దుముకుట అతడు ఎన్నుకొనిన క్రీడ. 10 మీటర్ల ఎత్తు నుండి దుమికినవాడు నీటిని చేరుటకు రెండు సెకనులైనను పట్టదు. ఆలోపలనే పల్టీలు కొట్టి, దేహమును బాణమువలె చక్కజేసి, నీరు చిందకుండ మునుగవలెను.

సాధనకు నీరు కావలెను గదా! పాసడేనా నగరపు బ్రూక్‌సైడ్ ఈతకొలనులో తెల్లవారు కానివారికి వారమునకు ఒక్క దినమే ప్రవేశము. ఆ దినము ముగిసిన పిదప ఆ నీటినంతయు వెళ్లగొట్టి క్రొత్త నీరు నింపెడివారు. మనుష్యుని స్పర్శచే నీరు చెడునని తలచిన కాలమది. జిమ్ ర్యాన్ అను శిక్షకుడు తన పెరటిలో గుంత త్రవ్వి ఇసుక నింపెను. మిగిలిన దినములలో సామీ ఆ ఇసుకలోనికే దుముకుచుండెను. ఇసుకలో తలక్రిందుగా దిగరాదు, కాళ్లపైననే దిగవలెను. ఆ శ్రమచే అతని కాళ్లకు గొప్ప బలము చేకూరెను.

కుమారుడు వైద్యుడు కావలెనని తండ్రి కోరిక. సామీ చదువును గాని, ఆటను గాని విడువలేదు. 1943లో తండ్రి మరణించెను. 1947లో కుమారుడు వైద్యపట్టము పొందినపుడు చూచి సంతసించుటకు ఆయన లేడు.

1948లో లండన్ ఒలింపిక్ క్రీడలు జరిగెను. ఐదడుగులకు కొంచెమే మించిన ఆ యువకుడు మూడున్నర పల్టీలు కొట్టి దుమికి స్వర్ణపతకమును గెలిచెను. ఆసియా సంతతికి చెందిన అమెరికా పురుషులలో ఒలింపిక్ స్వర్ణమును పొందిన మొదటివాడు అతడే. అవే క్రీడలలో ఫిలిప్పీను దేశీయుని కుమార్తె విక్కీ డ్రేవ్స్ అమెరికా పక్షమున రెండు స్వర్ణములు గెలిచెను. 1952లో, తన ముప్పదిరెండవ జన్మదినమున, హెల్సింకీలో సామీ మరల స్వర్ణమును పొందెను. తరువాత అమెరికా సైన్యమున వైద్యుడుగా, తన తల్లిదండ్రుల జన్మభూమియగు కొరియాలో సేవచేసెను.

ఇంత కీర్తి గడించినను 1955లో అతడు గార్డెన్ గ్రోవ్ పట్టణమున ఇల్లు కొనబోవగా, ఆసియా సంతతివాడను కారణమున అమ్ముటకు నిరాకరించిరి. రెండు స్వర్ణపతకములును ఒక తలుపును తెరువజాలకపోయెను. ఆ వార్త పత్రికలలో వెలువడగా, పలువురు పౌరులు ఆ అన్యాయమును ఖండించిరి. తుదకు ఆ ప్రాంతముననే అతనికి ఇల్లు దొరికెను.

సామీ మనస్సున ద్వేషమునకు చోటీయలేదు. చెవి వైద్యుడుగా రోగులకు సేవచేయుచు, యువకులకు తన విద్యను నేర్పెను. అతని శిష్యుడు బాబ్ వెబ్‌స్టర్ 1960, 1964 సంవత్సరములలో స్వర్ణములు గెలిచెను. సమోవా సంతతివాడగు గ్రెగ్ లుగానిస్ 1976లో రజతపతకము పొందెను. 2016లో, 96 ఏండ్ల వయస్సున, డాక్టరు లీ పరమపదించెను. లాస్ ఏంజిలిస్‌లో నేడొక పాఠశాల అతని పేరు వహించియున్నది.

మన దేశమందును బావుల యొద్ద కొందరిని దూరముగ నిలిపిన కాలము కలదు. బావులు, చెరువులు, స్నానఘట్టముల వాడుకలో అట్టి భేదమును 1950లో మన రాజ్యాంగము నిషేధించెను. శాసనము అడ్డు తొలగింపగలదు. లోనికి వచ్చినవానిని తనవానిగ భావించుట మాత్రము పొరుగువాని పని. పిల్లలారా! మీ ఆటస్థలమున ఎవడైనను గీటుకు వెలుపలనే నిలిచియున్నాడేమో చూడుడు.

ప్రశ్నలు

1. సామీ లీ ఇసుకలో సాధన చేయుటకు కారణమేమి?
2. 1955లో జరిగిన సంఘటన వలన ఏమి తెలియుచున్నది?
3. "శాసనము అడ్డు తొలగింపగలదు" అను వాక్యమును వివరింపుము.