మధుమేహులకు చిరుతిండి

చార్మినారుకు చేరువనున్న హుస్సేనీ ఆలంలో అతిథికి చాయ్, బిస్కెట్టు అందించుట మర్యాద. మధుమేహులు ఆ మర్యాదకు దూరం కావలసినదేనా? దేశంలో సుమారు 10.1 కోట్లమందికి ఈ వ్యాధి ఉన్నదని భారత వైద్య పరిశోధన మండలి నిధులతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. నెలనెలా చందా స్వీకరించి, తగిన చిరుతిండిని ఇంటికి చేర్చే సేవ ఇట్టివారికి మేలు చేయగలదు.

అయితే పొట్లంపై 'చక్కెర లేదు' అని ముద్రించినంత మాత్రాన చాలదు. మైదాలోని పిండిపదార్థం సైతం జీర్ణమై గ్లూకోజుగా మారుతుంది. కనుక వేయించిన శనగలు, పల్లీలు వంటివి పూటకొక చిన్న పొట్లంగా కట్టి, అందులో పిండిపదార్థం ఎన్ని గ్రాములున్నదో తెలుగు, ఉర్దూ భాషలలో తెలుపవలెను. రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోయినపుడు ఇవి అక్కరకు రావు. వెంటనే సుమారు 15 గ్రాముల గ్లూకోజు తీసుకొనవలెను. ఈ హెచ్చరిక లేని పొట్లం ఎంత రుచికరమైనదైనా అసంపూర్ణమే.